ఆన్‌లైన్ వేలంలో విక్రేత వెనుకంజ

ఇంటర్నెట్ ద్వారా జరిగే వేలంలో ఒక వస్తువును అమ్మకానికి పెట్టిన వ్యక్తి, పాటలు వచ్చిన తరువాత గాని, వేలం ముగిసి హెచ్చు పాటదారు ఎవరో తేలిన తరువాత గాని ఆ వస్తువును ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఆన్‌లైన్ వేలంలో విక్రేత వెనుకంజ అంటారు. ఏ సరుకు విషయంలోనైనా ఇది జరగవచ్చు. అయితే పాత నాణేలు, తపాలా బిళ్లలు, కరెన్సీ నోట్లు, పుస్తకాల తొలి ముద్రణలు, గ్రామఫోను రికార్డులు, సినిమా పోస్టర్లు, పాతకాలపు వాహనాలు వంటి సేకరణ వస్తువుల విషయంలో దీనికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉన్నది. కొత్త మిక్సీని అమ్ముతానన్నవాడు మాట తప్పితే కొనుగోలుదారు మరొక దుకాణంలో అదే మిక్సీని కొనుక్కుంటాడు. ఆయనకు కలిగే నష్టం రెండు ధరల మధ్య తేడా మాత్రమే. ఏళ్ల తరబడి వెతుకుతున్న తపాలా బిళ్ల చేతికందే సమయంలో జారిపోతే, కట్టిన డబ్బు పైసాతో సహా తిరిగి వచ్చినా ఆ బిళ్ల మళ్లీ ఎదురుపడుతుందన్న హామీ లేదు.

ఈ వివాదాలలో న్యాయస్థానాలు ముఖ్యంగా రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి వచ్చింది. ఒకటి, అమ్మకందారు ఏ క్షణం నుండి తన మాటకు కట్టుబడి ఉంటాడు? రెండు, మాట తప్పినవాడు నష్టపరిహారం ఇస్తే సరిపోతుందా, లేక ఆ వస్తువునే ఇచ్చి తీరాలా? ఆస్ట్రేలియా, జర్మనీ, అమెరికా దేశాల తీర్పులలో వీటికి వచ్చిన సమాధానాలు ఒకే విధంగా లేవు.

సుత్తి దెబ్బ సంప్రదాయం

తెలుగు పల్లెల్లో చెరువు చేపలకో, గుడి మాన్యం కౌలుకో జరిగే వేలంలో "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అన్న తరువాతనే పాట ఖాయమవుతుంది. ఇంగ్లండు సంప్రదాయంలో ఈ పనిని వేలందారు బల్లమీద కొట్టే చిన్న చెక్కసుత్తి చేస్తుంది. 1789లో ఇంగ్లండులో వచ్చిన పేన్ - కేవ్ దావా తీర్పు దీనికి చట్టరూపం ఇచ్చినది. ఆ తీర్పు ప్రకారం ప్రతి పాటా "ఇంత ధరకు కొంటాను" అనే ప్రతిపాదన మాత్రమే. సుత్తి పడటం దానికి అంగీకారం. కనుక సుత్తి పడేదాకా పాటదారు తన పాటను వెనక్కు తీసుకోవచ్చును. అదే తర్కంతో అమ్మేవారు కూడా అప్పటిదాకా వస్తువును వేలం నుండి తప్పించవచ్చును. 1873 నాటి హారిస్ - నికర్సన్ దావాలో ఒక వ్యాపారి పత్రికలో వేలం ప్రకటన చూసి, కార్యాలయ సామగ్రి కొనడానికి లండన్ నుండి బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణానికి వెళ్లాడు. తీరా వెళ్లాక ఆ సామగ్రిని వేలం నుండి తీసేశారు. దారి ఖర్చులైనా ఇప్పించమని ఆయన వేసిన దావా వీగిపోయింది. ప్రకటన అనేది అమ్ముతానన్న వాగ్దానం కాదని కోర్టు చెప్పింది.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉన్నది. కనీస ధర ఏదీ లేదని, ఎంతకు పాట వస్తే అంతకు ఇస్తామని ప్రకటించి వేలం మొదలుపెడితే మధ్యలో తప్పుకోవడానికి వీలులేదని ఒక గుర్రం అమ్మకానికి సంబంధించిన 1859 నాటి వార్లో - హారిసన్ దావాలో న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. ఈ పాత అభిప్రాయాన్నే 2000వ సంవత్సరంలో ఇంగ్లండు అప్పీలు కోర్టు బలపరచింది. ఆ దావాలోని వస్తువులు మోటారు ఇంజన్లను పరీక్షించే రెండు యంత్రాలు. కొత్తవాటి ధర ఒక్కొక్కటి సుమారు 14,000 పౌండ్లు. పాటదారు ఒక్కొక్కదానికి 200 పౌండ్లు పాడగా, ఇంకెవరూ పాడకపోయేసరికి వేలందారు వాటిని వెనక్కు తీసుకొన్నాడు. పాటదారుకు 27,600 పౌండ్ల పరిహారం లభించింది.

బ్రిటిషు పార్లమెంటు 1893లో చేసిన వస్తు విక్రయ చట్టం ఈ సూత్రాలను కూడగట్టింది. ఆ చట్టంలోని 58వ సెక్షను స్వల్ప మార్పులతో 1923లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చట్టంలో 60వ సెక్షనుగా, 1930లో భారత వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షనుగా చేరింది. సుత్తి దెబ్బతోనో "వాడుకలో ఉన్న మరొక పద్ధతిలోనో" అమ్మకం పూర్తవుతుందన్న మాట ఈ మూడింటిలోనూ కనిపిస్తుంది. సుత్తి లేని వేలాలు వస్తాయని 1893లో ఎవరూ ఊహించి ఉండరు గాని, ఈ చిన్న మాట నూరేళ్ల తరువాత అక్కరకు వచ్చింది.

సుత్తి స్థానంలో గడియారం

1995 సెప్టెంబరులో పియరీ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు కాలిఫోర్నియాలో ఆక్షన్‌వెబ్ అనే సైటును ప్రారంభించాడు. దానిలో తొలుత అమ్ముడైన వస్తువు విరిగిపోయిన లేజర్ పాయింటరు. అది 14.83 డాలర్లకు పోయింది. 1997లో ఈ సైటు పేరు ఈబేగా మారింది. దీని తొలి ఎదుగుదలకు సేకరణ వస్తువులే ఆధారం. బీనీ బేబీస్ అనే గుడ్డ బొమ్మలు ఆ రోజులలో దీని వ్యాపారంలో చెప్పుకోదగ్గ భాగంగా ఉండేవి.

ఇటువంటి సైటులో వేలందారు ఉండడు. వస్తువు సైటు చేతిలో ఉండదు, అమ్మేవాని ఇంట్లోనే ఉంటుంది. సైటు తాను కేవలం సంత జరిగే స్థలం వంటిదానినని, అమ్మకం ఒప్పందం విక్రేతకు, కొనుగోలుదారుకు మధ్యనే ఉంటుందని నిబంధనలలో రాసుకొంటుంది. సుత్తి పనిని గడియారం చేస్తుంది. ఏడు రోజులో, పది రోజులో ముందే నిర్ణయించిన గడువు ముగిసే క్షణానికి ఎవరి పాట హెచ్చుగా ఉంటే వారే గెలిచినట్లు. పాత వేలంలో వస్తువు బల్లమీద అందరి కళ్లెదుట ఉండేది. ఇక్కడ గెలిచినవానికి దక్కేది "మీరు గెలిచారు" అనే ఈమెయిలు. వస్తువు వందల మైళ్ల దూరంలో, ఇంకా మనసు మార్చుకోగల మనిషి చేతిలోనే ఉంటుంది.

మరొక విశేషం ఏమంటే, పాటదారు తాను ఇవ్వదలచిన గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తే, పోటీని బట్టి సైటే అతని తరఫున కొద్దికొద్దిగా పాట పెంచుకుంటూ పోతుంది. అనుభవమున్న సేకర్తలు ఆ గరిష్ఠ ధరను కూడా ముందుగా బయటపెట్టరు. గడువు ముగియడానికి కొన్ని సెకన్ల ముందు మాత్రమే పాట వేస్తారు. దీనిని స్నైపింగ్ అంటారు. అందువలన ఆరవ రోజు వరకు పాట చాలా తక్కువగా ఉండి, చివరి నిమిషంలో ఒక్కసారిగా పైకి లేవడం మామూలు. అమెజాన్ సంస్థ 1999లో ప్రారంభించి, తరువాత మూసివేసిన వేలం సైటులో చివరి పాట పడిన తరువాత పది నిమిషాలు గడువు పొడిగించే ఏర్పాటు ఉండేది. ఈబేలో గడువు కచ్చితం. ఈ పద్ధతి తెలియని విక్రేత ఆరవ రోజున పాట చూసి బెంబేలెత్తి వేలాన్ని రద్దు చేయడం తరచుగా జరిగే విషయం. నిజానికి అతని వస్తువుకు మంచి ధర రావలసిన ఘడియ ఇంకా రాలేదు.

వెనుకంజకు కారణాలు

పాట ఆశించినంత రాకపోవడం అన్నిటికన్నా సాధారణమైన కారణం. ఒక డాలరుతో పాట మొదలుపెడితే ఎక్కువమంది ఆకర్షితులవుతారని, సైటుకు కట్టవలసిన రుసుము కూడా తగ్గుతుందని విక్రేతలు అలా పెడతారు. కనీస ధర నిర్ణయించుకొనే సదుపాయం ఉన్నా, దానికి వేరే రుసుము ఉండటం వలన వాడరు. తక్కువ ధరకు పోయే ప్రమాదాన్ని తామే కొని తెచ్చుకొని, అది నిజమైనపుడు ఒప్పుకోరు.

రెండవది బయటి బేరం. వేలం నడుస్తుండగానే ఎవరో సేకర్త లేక వ్యాపారి విక్రేతకు ఉత్తరం రాసి "వేలం ఆపేయండి, ఇంత ఇస్తాను" అంటాడు. అరుదైన వస్తువుల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే ఆ వస్తువు కోసం కాచుకొని ఉన్నవారు కొద్దిమందే, వారంతా ఒకరికొకరు తెలిసినవారే. వేలంలో పోటీ పడటం కన్నా ముందే తన్నుకుపోవడం వారికి లాభం. విక్రేతకు కూడా అది ఊరించే బేరమే.

మూడవది అజ్ఞానం తొలగిపోవడం. తాతగారి పెట్టెలో దొరికిన నాణేలను విలువ తెలియక వేలానికి పెట్టినవానికి, పాటదారుల ప్రశ్నల వల్లనే అందులో ఒకటి అపురూపమైనదని అర్థమవుతుంది. "ఈ నాణెం రెండో వైపు ఫోటో పెట్టగలరా?" అని ముగ్గురు అడిగారంటే ఎంత అమాయకునికైనా అనుమానం వస్తుంది. ఇక్కడ న్యాయం ఎవరి పక్షాన ఉన్నదో చెప్పడం తేలిక కాదు. పాటదారు తన చదువుతో, అనుభవంతో సంపాదించిన జ్ఞానానికి ప్రతిఫలం ఆశిస్తాడు. విక్రేత తాను మోసపోతున్నానని భావిస్తాడు. చట్టం మాత్రం, కొనేవాడు అబద్ధమాడనంతవరకు, విలువ తెలియకపోవడాన్ని సాధారణంగా సాకుగా ఒప్పుకోదు.

ఇవి కాక నిజమైన ఇబ్బందులు కూడా ఉంటాయి. వస్తువు పగిలిపోవచ్చు, దొంగల పాలు కావచ్చు, నకిలీదని మధ్యలో తెలియవచ్చు, ఇంట్లోవారు అమ్మడానికి వీలులేదని పట్టుబట్టవచ్చు. ఈ చివరిదానిలో సానుభూతి పాలు ఎక్కువే గాని, ఒప్పందానికి అది అడ్డు కాదు.

సాకులు, ఆనవాళ్లు

తక్కువ ధర వచ్చినందుకు ఇవ్వనని నేరుగా చెప్పే విక్రేతలు అరుదు. ప్యాకింగు చేస్తుండగా పగిలిందని, ఇల్లు మారుతుంటే కనిపించకుండా పోయిందని, పొరపాటున వేరొకరికి అమ్మేశామని చెబుతారు. కొందరు అసలు సమాధానమే ఇవ్వకుండా డబ్బు తిరిగి పంపి ఊరుకుంటారు. ఇంకొందరు ముందుజాగ్రత్తగా తమవారి చేత పాడించి, పాట తక్కువగా ఉంటే తమ వస్తువును తామే "గెలుచుకొంటారు". ఇది వెనుకంజకు ముసుగు వేసిన రూపం.

దొంగపాటల విషయంలో పేరుపడిన ఉదంతం 2000 మే నెలలో ఈబేలో జరిగినది. 25 సెంట్లతో మొదలైన ఒక నైరూప్య చిత్రం, దానిపై ఉన్న పొడి అక్షరాల కారణంగా రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే ప్రసిద్ధ అమెరికా చిత్రకారునిదని భావించడం వలన 1,35,805 డాలర్లకు చేరింది. విక్రేత స్వయంగా వేరే పేరుతో పాట వేసినట్లు బయటపడి, సైటు ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. ఆ బొమ్మ డీబెన్‌కార్న్ వేసినది కాదు. తరువాత విక్రేత కోర్టులో నేరం అంగీకరించాడు.

పోయిందని, పగిలిందని చెప్పిన వస్తువు కొన్ని నెలల తరువాత ఎక్కువ ప్రారంభ ధరతో మళ్లీ వేలానికి రావడం సేకర్తలకు కొత్త కాదు. మామూలు సరుకులో దీనిని పట్టుకోవడం కష్టం. సేకరణ వస్తువులలో తేలిక. కరెన్సీ నోటు మీద వరుస సంఖ్య ఉంటుంది. వాడిన తపాలా బిళ్లమీద పడిన ముద్ర ఏ కోణంలో, ఏ అక్షరాల దగ్గర తెగిందో మరొక బిళ్లమీద అచ్చం అలాగే ఉండదు. నాణెం మీది గీతలు, చేత్తో కొట్టిన పాత నాణేలలో బొమ్మ పక్కకు జరిగిన తీరు వేలిముద్రల వంటివి. అందుచేత జాగ్రత్తగల కొనుగోలుదారులు వేలం పేజీలోని ఫోటోలను ముందే భద్రపరచుకొంటారు.

విర్రావే విమానం దావా

ఈ విషయంలో తరచు ఉదహరించబడే తీర్పు 2007 ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు ఇచ్చినది. వివాదానికి మూలం ఒక విర్రావే విమానం. కామన్వెల్త్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ అనే ఆస్ట్రేలియా సంస్థ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మెల్‌బోర్న్‌లో తయారుచేసిన ఈ రకం విమానాలు మొత్తం 755. యుద్ధానంతరం చాలావరకు తుక్కుగా మారగా, మిగిలిన కొద్దిపాటి విమానాలను పాత యుద్ధ విమానాల అభిమానులు ఎంతో మక్కువతో సేకరిస్తారు.

2006లో ఒక యజమాని తన విర్రావేను ఈబేలో వేలానికి పెట్టి కనీస పాటను 1,50,000 ఆస్ట్రేలియా డాలర్లుగా నిర్ణయించాడు. గడువు ముగిసే ముందు మరొక రాష్ట్రంలోని కొనుగోలుదారు సరిగ్గా అంతే మొత్తానికి పాట వేశాడు. వేరే పాటలు లేనందున ఆయనే గెలిచినట్లు సైటు ఇద్దరికీ తెలిపింది. యజమాని మాత్రం విమానం ఇవ్వనన్నాడు. అంతకంటె 1,00,000 డాలర్లు ఎక్కువ ఇచ్చే వేరొకరితో ఆయన బేరం కుదుర్చుకొన్నాడు.

ఈబేలో గెలవడమంటే బేరసారాలు మొదలుపెట్టడానికి అవకాశం రావడమే తప్ప ఒప్పందం కుదిరినట్లు కాదని విక్రేత పక్షం వాదించింది. న్యాయమూర్తి ఈ వాదనను అంగీకరించలేదు. ఇది వేలమేనని, కనీస ధరకు తగ్గని హెచ్చు పాట ఉండగా గడువు ముగియడంతోనే ఒప్పందం ఏర్పడినదని తీర్మానించారు. అంటే సుత్తి దెబ్బ చేసే పనిని గడియారం చేసినట్లే.

సేకర్తల దృష్టిలో తీర్పులోని రెండవ భాగం ఇంకా విలువైనది. సాధారణంగా వస్తువుల అమ్మకంలో మాట తప్పినవాడు డబ్బు రూపంలో పరిహారం ఇస్తే చాలు. భూమి, ఇళ్ల విషయంలో మాత్రమే "ఆ ఆస్తినే ఇవ్వు" అని కోర్టులు ఆదేశించడం పరిపాటి. మరొక విర్రావే బజారులో దొరికేది కానందున, కొనుగోలుదారు నుండి 1,50,000 డాలర్లు తీసుకొని ఆ విమానాన్నే అప్పగించాలని న్యాయమూర్తి ఆదేశించారు. వేలంలో గెలిచిన వ్యక్తికి వస్తువే దక్కింది.

జర్మనీ తీర్పులు

విక్రేతను అందరికంటె గట్టిగా కట్టిపడేసిన న్యాయవ్యవస్థ జర్మనీది. ఆ దేశపు పౌరస్మృతి 156వ సెక్షను ప్రకారం కూడా వేలంలో ఒప్పందం సుత్తి దెబ్బతోనే ఏర్పడుతుంది. అయితే ఇంటర్నెట్ వేలంలో సుత్తి కొట్టేవారే లేరు గనుక ఆ సెక్షను దీనికి వర్తించదని, మామూలు ఒప్పందాల సూత్రాలే వర్తిస్తాయని ఫెడరల్ అత్యున్నత సివిల్ న్యాయస్థానం నిర్ణయించింది. దీని పర్యవసానం చాలా దూరం పోయింది. వస్తువును సైటులో పెట్టడంతోనే, గడువులోగా వచ్చే హెచ్చు పాటకు ఇస్తానని విక్రేత ముందే మాట ఇచ్చినట్లయింది.

2001 నవంబరులో వచ్చిన తీర్పు దీనికి నాంది. రికార్డో అనే సైటులో ఒక వ్యక్తి సుమారు 57,000 మార్కుల విలువ గల కొత్త కారును 10 మార్కుల ప్రారంభ ధరతో పెట్టాడు. హెచ్చు పాట 26,350 మార్కులు వచ్చింది. నష్టానికి అమ్మనన్న విక్రేత వాదన నిలవలేదు. 2012లో అదే న్యాయస్థానం, వస్తువు విలువకు, పాటకు మధ్య పెద్ద తేడా ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని, చౌకగా దొరికే అవకాశం ఉండటమే ఇంటర్నెట్ వేలానికి గల ఆకర్షణ అని వివరించింది.

బయటి బేరం గురించిన స్పష్టమైన తీర్పు 2014 నవంబరు నాటిది. ఒక యూరో ప్రారంభ ధరతో వాడిన కారును వేలానికి పెట్టిన విక్రేత, బయట 4,200 యూరోలు ఇచ్చేవారు దొరకడంతో మధ్యలో వేలం ఆపేశాడు. అప్పటికి ఒకే పాటదారు ఉన్నాడు. ఆయన గరిష్ఠంగా 555.55 యూరోలు నమోదు చేసినా పోటీ లేనందున పాట ఒక యూరో దగ్గరే ఉన్నది. కారు విలువ 5,250 యూరోలని లెక్కకట్టి, ఒక యూరో తగ్గించి, 5,249 యూరోల పరిహారం ఇప్పించారు.

న్యాయస్థానం విక్రేతలకు ఏ వెసులుబాటూ ఇవ్వలేదనుకోరాదు. 2011 నాటి తీర్పులో, వేలం పెట్టిన మరునాడే కెమెరా దొంగతనానికి గురైతే వేలం ఆపడం సబబేనని, అప్పటికి 70 యూరోలు పాడిన వ్యక్తికి ఏమీ రాదని తేల్చింది. 2004లో మరొక దిక్కు నుండి వచ్చిన తీర్పు కొనుగోలుదారుకు అనుకూలమైనది. వృత్తిరీత్యా నగల వ్యాపారం చేసే వ్యక్తి ఒక యూరోతో వేలానికి పెట్టిన వజ్రాల కంకణాన్ని 252.51 యూరోలకు పాడిన వినియోగదారు తరువాత వద్దన్నాడు. వ్యాపారి నుండి దూరవిక్రయంలో కొన్న వినియోగదారుకు ఉండే ఉపసంహరణ హక్కు ఇంటర్నెట్ వేలానికి కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. అనగా అమ్మే వ్యాపారి వెనుకంజ వేయలేడు, కొనే వినియోగదారు వేయగలడు. విక్రేతలు ఫిర్యాదు చేసే ఈ అసమానత చట్టం కావాలని పెట్టినదే.

ఈ కఠినత్వానికి ఒక వికారమైన ఫలితం కూడా కలిగింది. వందలాది వస్తువులపై ఒక యూరో చొప్పున పాటలు వేసి, ఎవరైనా విక్రేత భయపడి వేలం ఆపితే వెంటనే పరిహారం కోసం దావా వేసేవారు తయారయ్యారు. జర్మనీ పత్రికలు వీరిని విరమణ వేటగాళ్లనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తాయి. 2015లో పాతకాలపు శైలిలో పోతపోసిన ఇనుప గది హీటర్ల వేలానికి సంబంధించిన దావాలో, పాటదారు ఆరు నెలల్లో 370 పాటలు వెనక్కు తీసుకొన్నాడని, అటువంటివాడిని నమ్మలేక వేలం ఆపానని విక్రేత చెప్పాడు. అంతమాత్రం చాలదని, ఆ వ్యక్తి డబ్బు కట్టడన్న అనుమానానికి బలమైన ఆధారం ఉండాలని న్యాయస్థానం భావించింది.

అమెరికాలో

అమెరికా రాష్ట్రాలు అనుసరించే ఏకరూప వాణిజ్య స్మృతి 2-328 సెక్షను ప్రకారం, వేరుగా ప్రకటించనంతవరకు ప్రతి వేలమూ విక్రేతకు తప్పుకొనే హక్కు ఉన్న వేలమే. కాబట్టి గడువు ముగియక ముందు వస్తువును తీసేయడం జర్మనీలో వలె ప్రమాదకరం కాదు. ముగిసిన తరువాత మాత్రం పరిస్థితి వేరు. 2002లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు విచారించిన దావాలో, తువాలు ద్వీపదేశానికి చెందిన టీవీ అనే చివరి అక్షరాలతో ఇంటర్నెట్ చిరునామాలు అమ్మే సంస్థ, గోల్ఫ్ అనే పేరును వేలం వేసింది. 1,010 డాలర్లకు పాడిన వ్యక్తికి గెలిచారని ఈమెయిలు పంపి, తరువాత పొరపాటైందని చెప్పి, అదే పేరును పది లక్షల డాలర్ల ప్రారంభ ధరతో మళ్లీ పెట్టింది. ఈమెయిలుతోనే ఒప్పందం ఏర్పడినట్లు కోర్టు భావించింది.

వస్తువునే ఇప్పించే విషయంలో అమెరికా సేకర్తలు ఇంటర్నెట్‌కు ముందటి ఒక తీర్పును గుర్తుచేస్తారు. 1978లో ఇండియానాపోలిస్ పందెం సందర్భంగా పరిమితంగా తయారైన కార్వెట్ కారును ఒక దంపతులకు సుమారు 15,000 డాలర్లకు ఇస్తానన్న డీలరు, గిరాకీ పెరగడం చూసి "కావాలంటే మీరూ పాట పాడుకోండి" అన్నాడు. అటువంటి కార్లు వేల సంఖ్యలో ఉన్నా, అదే రకమైన మరొక కారును వెతికి పట్టుకోవడం చాలా కష్టమని, ఖర్చుతో కూడినదని మిస్సోరి అప్పీలు కోర్టు 1981లో చెప్పి కారునే ఇప్పించింది.

భారతదేశంలో

భారతదేశంలో ఆన్‌లైన్ వేలాన్ని జనానికి పరిచయం చేసిన బాజీ సైటును 2004లో ఈబే సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నది. ఈబే ఇండియా సైటు 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చి 2018 ఆగస్టులో మూతపడింది. ఆ తరువాత నాణేలు, తపాలా బిళ్లల ఆన్‌లైన్ అమ్మకం ప్రధానంగా ప్రత్యేక వేలం సంస్థల ద్వారా, వ్యక్తుల మధ్య నేరుగా జరుగుతున్నది.

పైన చెప్పిన 64వ సెక్షను న్యూ సౌత్ వేల్స్ సెక్షనుకు సోదరి వంటిది కనుక విర్రావే తీర్పు భారతీయ న్యాయస్థానాలను కట్టడి చేయకపోయినా, వాదనలో పనికివస్తుంది. ముందుగా తెలియజేయకుండా విక్రేత తానే పాడినా, తనవారి చేత పాడించినా కొనుగోలుదారు ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చునని అదే సెక్షను చెబుతుంది. సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణతో చేరిన 10ఏ సెక్షను, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న కారణంగా ఒప్పందం చెల్లకుండా పోదని తెలిపింది. వస్తువు ఇవ్వని విక్రేత నుండి పరిహారం కోరడానికి వస్తు విక్రయ చట్టంలో 57వ సెక్షను, వస్తువునే ఇప్పించమని కోరడానికి 58వ సెక్షను ఉన్నాయి. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కూడా మామూలు వ్యాపార సరుకు కానివి, వాదికి ప్రత్యేక విలువ గలవి, బజారులో సులభంగా దొరకనివి అయిన వస్తువులను వేరుగా చూసింది. సేకరణ వస్తువుకు ఇంతకన్నా చక్కని నిర్వచనం దొరకదు. 2018 సవరణ కోర్టుల విచక్షణను తగ్గించి, ఒప్పందాన్ని అమలు జరిపించడాన్నే సాధారణ నియమంగా మార్చింది.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, వ్యాపారంగా కాక వ్యక్తిగత హోదాలో అప్పుడప్పుడు అమ్మేవారికి వర్తించవు. తాతగారి పెట్టెలోని నాణేలను అమ్ముకొనే వ్యక్తి ఈ కోవలోకే వస్తాడు.

పురావస్తువుల విషయం పూర్తిగా వేరు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు అవుతుంది. లైసెన్సు లేకుండా దానితో వ్యాపారం చేయడం, ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపడం నిషిద్ధం. శాతవాహనుల సీసపు నాణేల మాట అటుంచి, నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మొదలైన చార్మినార్ రూపాయలలో తొలి ఏళ్లవి కూడా ఇప్పుడు నూరేళ్లు దాటాయి. అటువంటి నాణేన్ని విదేశీ పాటదారుకు అమ్మిన తరువాత సంగతి తెలిసి విక్రేత వెనుకాడితే, అది మాట తప్పడం కిందికి రాదు. చట్టవిరుద్ధమైన పనికి కుదిరిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం మొదటినుండీ చెల్లదు.

ఆచరణలో కొనుగోలుదారు పరిస్థితి

తీర్పులు ఇంత స్పష్టంగా ఉన్నా కోర్టుకు వెళ్లేవారు తక్కువ. విమానానికో, కారుకో దావా ఖర్చు గిట్టుబాటవుతుంది. మూడు వేల రూపాయల తపాలా బిళ్లకు కాదు. విక్రేత వేరే దేశంలో ఉంటే సమస్య మరింత జటిలం. కనుక ఆచరణలో కొనుగోలుదారు ఆధారపడేది సైటు నిబంధనల మీదనే.

ఈబే 1996లోనే కొనుగోలుదారు, విక్రేత ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే పద్ధతి పెట్టింది. కానీ మాట తప్పిన విక్రేత గురించి చెడుగా రాస్తే, అతడూ ప్రతీకారంగా చెడుగా రాసేవాడు. తమ పేరు పాడవుతుందని చాలామంది మౌనం వహించేవారు. 2008లో విక్రేతలు కొనుగోలుదారుల గురించి ప్రతికూలంగా రాసే వీలును సైటు తొలగించింది. దీనిపై విక్రేతలు ఆందోళన చేశారు గాని నియమం మారలేదు. వస్తువు లేదని చెప్పి అమ్మకం రద్దు చేసిన విక్రేతల ఖాతాలో దానిని లోపంగా లెక్కించడం, లోపాలు మితిమీరితే వారి వస్తువులు వెతుకులాటలో వెనుకబడేలా చేయడం, ఖాతాపై ఆంక్షలు పెట్టడం తరువాత వచ్చిన పద్ధతులు. గడువు పన్నెండు గంటలలోపు ఉన్నపుడు, పాటలు వచ్చిన వేలాన్ని ఆపడంపై కూడా పరిమితులు ఉన్నాయి. ఒక్కసారి మాత్రమే ఏదో అపురూపమైన వస్తువును అమ్మడానికి వచ్చిన వ్యక్తికి ఖాతా పేరు ప్రతిష్ఠలతో పని లేదు. అందుచేత ఈ శిక్షలు అవసరమైన చోటనే పనిచేయవు.

సైటుల కొనుగోలు రక్షణ పథకాలు కట్టిన డబ్బును తిరిగి ఇప్పిస్తాయి. పాట ధరకు, వస్తువు అసలు విలువకు మధ్య తేడాను ఇప్పించవు. వస్తువును అసలే ఇప్పించలేవు. కాబట్టి విలువైన వస్తువు గెలిచినవారు వెంటనే డబ్బు కట్టడం, వేలం పేజీని, గెలిచినట్లు వచ్చిన ఈమెయిలును, విక్రేతతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను దాచుకోవడం, విక్రేత ఎంత నచ్చజెప్పినా రద్దుకు తామే ఒప్పుకొన్నట్లు నమోదు కాకుండా చూసుకోవడం అలవాటు చేసుకొన్నారు. రద్దుకు కారణం "కొనుగోలుదారు కోరిక" అని విక్రేత నమోదు చేస్తే అతని ఖాతాలో లోపం పడదు. వివాదం వచ్చినపుడు అదే కొనుగోలుదారుకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది.